వద్దన్నమాట నోము కథ

అక్షతలు చేతబట్టి, మనసు నిలిపి ఈ కథ వినవలెను.

పూర్వము శ్వేతపర్ణుడను ముని కుశధర మహామునిని సమీపించి, ఆలుమగల ప్రేమ చెదరకుండునట్టి నోము ఏదని అడిగెను. కుశధరుడు నవ్వి ఇట్లు చెప్పెను.

మణిమంతమను పట్టణమున వసుగుప్తుడను బట్టల వర్తకుడు కలడు. అతని భార్య కువలయ కొత్తగా కాపురమునకు వచ్చెను. వసుగుప్తుడు ప్రతిదానికి అడ్డుచెప్పెడివాడు. పులుసు కాచిన పులుపెక్కువనును. ఎర్రచీర కట్టిన పచ్చది ఏదనును. ఒకనాడామె తలనిండ మల్లెలు తురుముకొని రాగా, "అబ్బో, పూలకొట్టు నడిచొస్తోందే!" అనెను.

కువలయ అలిగి, మగడు మాటకు ఎదురాడకుండునట్లు పొరుగింటి ముసలమ్మ ఇచ్చిన మరులుమందును పప్పులో కలిపెను. అతనితో చెప్పలేదు, అతనిని అడుగలేదు. దినదినము అట్లే కలుపుచుండెను.

నాటినుండి అతడు అన్నిటికి సరేయనెను. మాడిన అట్టుకు సరే, ఉప్పులేని కూరకు సరే. కువలయ మురిసెను. కాని అంగడిలోను అదే మాట! ఊరక అడిగినవారికెల్ల చీరలిచ్చెను. కొట్టు దాదాపు ఖాళీ ఆయెను. ఒకనాడు కువలయ, "ఏమండీ, నేనంటే మీకు ఇష్టమేనా?" అని అడిగెను.

"సరే," అనెను వసుగుప్తుడు.

అది ప్రేమ కాదు, మందు పలికించిన మాటయని ఆమెకు తెలిసెను. గౌరీదేవికి మొరపెట్టుకొనగా, దేవి గాజులమ్ము ముత్తైదువయై వచ్చి, మందు మాని, నిజము చెప్పి, మన్నింపు వేడుమనెను. ప్రతిదినము "పెట్టనా?" అని అడిగియే వడ్డింపవలెననియు, అతడు వద్దనిననాడే నోము తీరుననియు చెప్పెను.

కువలయ ఆ పూటనే మందు మాని, అంతయు చెప్పి మన్నింపు వేడెను. అతడు సరేయనెను. పని తీరినదని తలచి ఆమె "పెట్టనా?" అని అడుగుట మానెను. వెంటనే మిగిలిన బట్టలు చెదలపాలాయెను. దేవి కలలో కనబడి, "మత్తులో ఉన్నవాడి మన్నింపు ఏం మన్నింపే, పిచ్చిపిల్లా!" అని మందలించెను.

కువలయ లెంపలు వేసికొని, ముద్దముద్దకు అడుగసాగెను. మందు మెల్లగా విరుగుచుండెను. ఒక మధ్యాహ్నము, "ఇంకొంచెం పులుసు పొయ్యనా?" అనగా, వసుగుప్తుడు విస్తరికి చేయి అడ్డుపెట్టెను.

"వద్దు తల్లోయ్! పళ్ళు పులిసిపోతున్నాయి!"

కువలయ గరిట జారవిడిచి, ఏడ్చుచు నవ్వెను. భోజనమైన పిమ్మట జరిగినదంతయు మరల చెప్పెను. అతడు మండిపడి, కొన్నాళ్లు మాటలాడడాయెను. ఆ కోపము అతని సొంతము గనుక ఆమె దానిని ప్రసాదమువలె స్వీకరించెను. అంగడిలో బేరములు మరల సాగెను, కొట్టు నిండెను.

ఒక సాయంకాలము అతడు మల్లెచెండు తెచ్చి, ఆమె జడ దగ్గర చేయి ఆపెను.

"తురమనా?"

కువలయ కాసేపు ఆలోచించినట్లు నటించి, "సరే," అనెను.

కావున కొత్త దంపతులు, అత్తమామలు, గురువులు, వైద్యులు, ఒరుల మనసు తిప్పగల నేర్పుగలవారెల్లరు ఈ నోము నోచవలెను. నోచినవారింట నవ్వులు తరుగవు, పులుసు చాలును. ఇప్పుడు అందరికి బెల్లము పంచవలెను, "పెట్టనా?" అని అడిగి పెట్టవలెను, వద్దన్నవారిని బలవంతపెట్టరాదు. కథలో మాట తప్పినను దోషము లేదు, అడుగుట తప్పరాదు.