చివరి ముక్క వినని దుబాసీ

చిన్న కథే. మా చేనేత సంఘం అధ్యక్షుడు పుల్లన్న ఒకసారి ఆవలించేలోపు అయిపోతుంది. ఆయన ఆవలింత సామాన్యమైనది కాదు. పోయిన సమావేశంలో రెండు తీర్మానాలు ఆ ఒక్క ఆవలింతలోనే నెగ్గాయి. సరే, కథకు వద్దాం.

గుట్టకిందపల్లిలో మద్దిలేటి అనే నేతగాడు ఎవరి మాటనూ చివరిదాకా విననిచ్చేవాడు కాదు, తానూ వినేవాడు కాదు.

స్పెయిన్ నుంచి పిలార్ అనే ఆమె మా మగ్గాలు చూడడానికి వస్తోందని తెలిసి, సంఘం ఒక దుబాసీని పెట్టుకోవాలనుకుంది. ఆ ఉద్యోగం దొరికితే, కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంటలోంచి శాశ్వతంగా బయటపడవచ్చని మద్దిలేటి ఆశ. ఇందుమతి టీచరు దగ్గర స్పానిష్ పాఠాలకు చేరాడు. నూలు చుట్టే చౌడక్క కూడా ఏం చెబుతారో చూద్దామని ఓ మూల కూర్చునేది.

"'యో కోమో అరోస్.' అంటే నేను, తింటాను, అన్నం. మనకు క్రియ చివర వస్తుంది. వాళ్లకు మధ్యలో వస్తుంది. ఏం తింటారో..."

"తెలిసిపోయింది టీచరమ్మా!" మద్దిలేటి లేచాడు.

"కూర్చో నాయనా. వద్దు, కాదు అనేవి కూడా మనలా చివర రావు. క్రియకు ముందే 'నో' అంటారు."

"వద్దనేది ముందే చెప్పేస్తారా?" చౌడక్క ఆశ్చర్యపోయింది. "మన పెళ్లిచూపులవాళ్లకు ఈ భాష నేర్పాలమ్మా!"

అప్పటికే మద్దిలేటి వీధి మలుపు తిరిగాడు. వారమంతా "యో కోమో" అంటూ ఊళ్లో తిరిగాడు. ఏం తింటాడో మాత్రం చెప్పలేదు.

పిలార్ వచ్చింది. దుబాసీగా మద్దిలేటే ముందుకొచ్చి నిలబడ్డాడు. "కియేరో..." అంది. కోరుకుంటున్నాను అని దాని అర్థం.

"చీరలు!" అని మద్దిలేటి నలభై చీరలు పరిచాడు.

"నో కియేరో..." అందామె.

"రంగులు నచ్చలేదంట పుల్లన్నా!" అని ఇంకో నలభై పరిచాడు.

పిలార్ చీరలు తొక్కకుండా దాటుకుని వెళ్లి చౌడక్క పక్కన కూర్చుంది. మళ్లీ మొదలుపెట్టింది. చౌడక్క రాట్నం ఆపి చివరిదాకా వింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. కానీ పిలార్ చూపు మగ్గం మీదే ఉండడం గమనించింది.

"చీరలు కాదురా మద్దిలేటీ, ఈమె నేత నేర్చుకుంటుందంట!"

అప్పుడే వచ్చిన ఇందుమతి టీచరు పిలార్‌ను అడిగి అవునంది.

పిలార్ చౌడక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు మాట చివర తెలుగు క్రియ దొరికేదాకా, పొయ్యి మీద అన్నం మాడినా చౌడక్క ఆగేది. ఆరు నెలల్లో పిలార్ తెలుగు మాట్లాడింది. దుబాసీ ఇక అక్కర్లేదని సంఘం తీర్మానించింది. మద్దిలేటి గుంటలోనే ఉన్నాడు. పక్క గుంటలో పిలార్ నేస్తోంది.

ఎదుటివారి మాట చివరిదాకా వినే ఓపిక లేనివాడికి ఏ భాషా రాదు.