ముళ్ళపంది పూటకూళ్ళ ఇల్లు

రండి నాయనా, రండి తల్లీ. దగ్గరగా కూర్చోండి. ఆ గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు జరగండి, నా గొంతు అంత దూరం రాదు. అందరూ అన్నాలు తిన్నారా? తిన్నారు కదా. మంచిది, ఈ కథ ఆకలి మీద వినకూడదు. ఆ స్వామికి ఒక్క దణ్ణం పెట్టుకుని మొదలుపెడదాం.

అనగనగా ఒక పెద్ద అడవి. అడవి మధ్యలో ఒక వాగు. ఆ వాగు ఒడ్డున ఒక రోజు కొత్తగా పొయ్యి వెలిగింది. వెలిగించింది ఎవరనుకున్నారు? ముళ్ళపంది. పేరు తిరుపాలమ్మ.

ముళ్ళపందికి వంటేమిటని నవ్వకండి. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న అడవి దుంపల పులుసు ఆవిడ వండుతుంటే, దారిన పోయే గాలి కూడా కాసేపు ఆగి వెళ్ళేదట.

పాపం, ఆవిడకి పెద్ద కష్టం వచ్చిపడింది. వానలకి కొండ మీద బొరియ కూలిపోయింది. ఇద్దరు పాలు తాగే పిల్లల్ని వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకి చేరింది. అక్కడ మెత్తటి నేల ఉంది, తవ్వినంత దుంప ఉంది. కానీ అది ఏనుగులు నీళ్ళకి దిగే దారి.

ఏనుగుల మందకి పెద్ద ఒక ముసలి ఏనుగు. అడవంతా ఆమెని పెద్దమ్మ అనేది. తిరుపాలమ్మ వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నిలబడింది.

"పెద్దమ్మా, మీ దారి పక్కన పూటకూళ్ళ ఇల్లు పెట్టుకుంటాను. వచ్చేపోయేవాళ్ళకి వండి పెడతాను. తినేవాళ్ళు తలా ఒక దుంపో కాయో తెచ్చిస్తే నా పిల్లల్ని సాక్కుంటాను" అంది.

పూటకూళ్ళ ఇల్లంటే తెలుసు కదా? ఇప్పటి మన హోటల్ లాంటిదే.

పెద్దమ్మ తొండం ఊపి ఇలా అంది. "దారి నా ఒక్కదానిదా? మందంతటిదీ. మూడు రోజులు వండు. నాలుగో రోజు మధ్యాహ్నం నేనే వచ్చి తింటాను. అడవికి పనికొచ్చే వంటయితే ఉండు. కాదా, పిల్లల్ని తీసుకుని అవతలి గుట్టకి వెళ్ళిపో."

అవతలి గుట్ట పేరు వినగానే తిరుపాలమ్మ వీపు మీద ముళ్ళు గలగలమన్నాయి. అక్కడ రేచుకుక్కలు, అంటే ఈల వేసుకుంటూ వేటాడే అడవికుక్కలు, గుంపుగా తిరుగుతాయి. తల్లికి ముళ్ళున్నాయి, సరే. పిల్లలవి ఇంకా గడ్డిపరకల్లా మెత్తగా ఉన్నాయి.

తిరుపాలమ్మ మంచి భక్తురాలు. వాగులో దొరికిన నున్నటి రాయిని స్వామి అనుకుని పొయ్యి పక్కనే పెట్టుకుంది. వండినదేదైనా ముందు స్వామికి నైవేద్యం పెట్టాలి. అంతవరకూ రుచి చూడకూడదు, ఎంగిలి అవుతుంది. తరవాత అతిథులు. అందరూ లేచాక తను. మంచి పద్ధతే కదా? కానీ బెంగ ఉన్న మనిషికి ఆకలి ఉంటుందా? అందరూ లేచేసరికి ఆవిడ గొంతులో ముద్ద దిగేది కాదు. మిగిలింది చీమలకి వేసి పడుకునేది.

మొదటి రోజు లేళ్ళ జంట వచ్చింది. మోదుగాకు విస్తళ్ళు నాకినట్టు తిని, "కడుపు చల్లగా ఉంది తల్లీ" అని వెళ్ళింది. వాళ్ళు మర్యాదకి అన్నారులే అనుకుంది తిరుపాలమ్మ.

తరవాత ఎలుగుబంటి గురవయ్య వచ్చి కూలబడ్డాడు. ముక్కు చుట్టూ తేనెటీగలు జుమ్మంటున్నాయి. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"అబ్బబ్బా! పులుపు! పళ్ళు జివ్వుమన్నాయి అక్కా! చింతచెట్టంతా ఇందులోనే దులిపావా ఏమిటి?"

తిరుపాలమ్మ ముళ్ళు గలగలమన్నాయి. పక్కన కూర్చున్న కుందేళ్ళు భయపడి విస్తళ్ళు పట్టుకుని దూరం జరిగాయి.

ఆ రాత్రంతా లేళ్ళ మాట ఆవిడకి ఒక్కసారి కూడా గుర్తురాలేదు. గురవయ్య మాట ఒక్కటే చెవిలో తిరిగింది. తెల్లారగానే కుండలో దోసెడు ఎండు ఇప్పపూలు పోసింది. తియ్యటి పూలు కదా, పులుపు విరుగుతుందని. వండింది, నైవేద్యం పెట్టింది, వడ్డించింది.

రెండో రోజు కోతి మారప్ప వచ్చాడు. రెండు బుగ్గల్లోనూ ఉసిరికాయలే. నములుతూ నములుతూనే పులుసు జుర్రుకున్నాడు. గింజలు ఒకటొకటే పక్కకి ఉమ్మాడు.

"ఇది పులుసా, పాయసమా? నోరంతా తీపే! తిరుపాలక్కా, చింతపండుకి కరువొచ్చిందా?"

"నిన్న పులుపెక్కువన్నారయ్యా" అంది ఆవిడ సన్నగా.

"అన్నదెవరు? గురవయ్యా? వాడి నాలుకకి పుట్టలో మట్టికీ పులుసుకీ తేడా తెలుసా? నా మాట విను. రెట్టింపు వెయ్యి!"

మూడో రోజు తిరుపాలమ్మ చింతపండు రెట్టింపు వేసింది. ఇప్పపూలు మాత్రం తియ్యలేదు. మళ్ళీ గురవయ్య వస్తే? ఆ భయం.

ఆ రోజు చిలక పచ్చమ్మ వచ్చి వాలింది. చిలకకి మిరపకాయంటే మనకి జామపండు కింద లెక్క. ఒక చుక్క తాగి ముక్కు దులుపుకుంది.

"కారమేదీ? ఇది జబ్బుపడ్డవాళ్ళకి పెట్టే చారులా ఉంది!"

కొమ్మ మీద నుంచి మారప్ప అందుకున్నాడు. "ఓసి చిలకమ్మా, నీకు కారం తగలాలంటే పొయ్యిలో నిప్పులే మింగాలి!"

"నీ బుగ్గలు కడుక్కుని మాట్లాడు! తిండి గురించి ఉసిరికాయల మూట చెప్పాలా?"

అటు నుంచి గురవయ్య గొంతు కలిపాడు. "ఏమైనా మొన్నటి కంటే ఇవాళ ఘోరం. నేనైతే ఇంక రాను."

వాళ్ళు వాదించుకుంటూ లేచిపోయారు. విస్తళ్ళన్నీ సగం సగం మిగిలాయి. తిరుపాలమ్మ ఒక్కొక్కటే ఎత్తింది. రేపే పెద్దమ్మ వచ్చే రోజు. పిల్లలిద్దరూ ఆవిడ పొట్ట కింద దూరి పడుకున్నారు. అవతలి గుట్ట మీద నుంచి రేచుకుక్కల ఈల సన్నగా వినబడింది.

ఏం చేసింది? భయపడ్డవాళ్ళు చేసేదే. అందరి మాటా ఒకే కుండలో పోసింది. నాలుగో రోజు పొద్దున్నే తీపికి ఇప్పపూలు, పులుపుకి చింతపండు, కారానికి గుప్పెడు కొండ మిరపకాయలు. కుండ కుతకుతమంది. స్వామి ముందు దొప్పలో పెట్టింది. "తండ్రీ, నువ్వే దిక్కు" అంది.

సరిగ్గా అప్పుడే వచ్చాడు తాబేలు తాత. పూటకూళ్ళ ఇల్లు తెరిచారని మొదటి రోజు పొద్దున వినగానే బయల్దేరాడట! దారిలో వేరే తిండి ముట్టలేదు. "కొత్త వంట తినబోతూ పాత రుచి నోట్లో పెట్టుకోవడం దేనికి?" అనుకున్నాడట.

తిరుపాలమ్మ విస్తరి వేసి వడ్డించింది. తాత ఒక ముద్ద తిన్నాడు. నమలడం ఆపాడు. ఆవిడ ముళ్ళు గలగలమన్నాయి. బాగుందా, బాగాలేదా, ఏమంటాడో?

తాత తలెత్తి ఆవిడ మొహంలోకి చూసి, ఒక్క మాట అడిగాడు.

"నువ్వు తిన్నావా తల్లీ?"

మూడు రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. తిరుపాలమ్మ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఎలా తింటాను తాతా? పొయ్యి వెలిగించిన నాటి నుంచీ ముద్ద దిగడం లేదు."

"స్వామికి పెట్టావా?"

"రోజూ పెడుతున్నాను. పెట్టనిదే ఎవరికీ వడ్డించను."

"ప్రసాదం నువ్వు తీసుకుంటున్నావా మరి?"

"లేదు తాతా, చీమలకి వేస్తున్నాను" అంది తిరుపాలమ్మ.

"అదేం భక్తమ్మా!" అన్నాడు తాత, మెల్లగానే. "ఆయన తిని నీకు మిగిల్చినది చీమలకి వేస్తున్నావా? కూర్చో. ఇవాళ నేను వడ్డిస్తాను."

ఆవిడ కూర్చుంది. తాత గరిటె నోట కరుచుకుని, ఒలకబోస్తూనే వడ్డించాడు. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

పిల్లలూ, ఏమైందంటారు? ముందు కళ్ళు మూసుకుంది. తరవాత దగ్గింది. ఆ తరవాత స్వామి వైపు తిరిగి గుండె బాదుకుంది.

"అయ్యో తండ్రీ! నీకు కూడా ఇదేనా పెట్టాను?"

"ఆయన ఏమీ అనడుగా" అన్నాడు తాత. "ఆయన అననిది మనమే తెలుసుకోవాలి. ముందు పొయ్యి పక్కనున్న ఈ దుంప తిను, ఉత్త ఉడకబెట్టిందే."

వేడి దుంప కడుపులో పడింది. లేచిన ముళ్ళు ఒక్కొక్కటే వీపు మీదకి వాలాయి. అప్పుడు, చూశారా, తిరుపాలమ్మకి తెలివి తిరిగొచ్చింది. గురవయ్య ముక్కు చుట్టూ తేనెటీగలు గుర్తొచ్చాయి. తేనె నాకి వచ్చిన నోటికి ఏదైనా పులుపే. మారప్ప ఉమ్మిన ఉసిరిగింజలు గుర్తొచ్చాయి. ఉసిరికాయ తిన్న నోటికి మంచినీళ్ళు కూడా తీపే! పచ్చమ్మ సంగతి సరేసరి. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ వాళ్ళ నాలుక మీద ఉన్నదే చెప్పారు. అమ్మ పులుసులో తప్పు లేనే లేదు.

ఇంతలో నేల దద్దరిల్లింది. ధడ్, ధడ్, ధడ్. పెద్దమ్మ! వెనకాల తమాషా చూడ్డానికి గురవయ్య, మారప్ప, పచ్చమ్మ, లేళ్ళు, కుందేళ్ళు.

పొయ్యి మీద కుండ నిండా ఆ పులుసే ఉంది. అదే పెట్టెయ్యాలా? పెద్దమ్మని ఆపి మళ్ళీ వండాలా? ఏనుగుని ఆగమనడం అంటే మాటలా?

తిరుపాలమ్మ పిల్లల వైపు చూసింది. స్వామి వైపు చూసింది. చేతులు జోడించింది.

"పెద్దమ్మా, ఇంకా వంట కాలేదు. కాసేపు కూర్చోవాలి."

గురవయ్య నోరు తెరిచాడు. "చచ్చింది" అన్నాడు మారప్ప గుసగుసగా. పెద్దమ్మ చెవులు ఒకసారి విప్పారాయి. ఆవిడ కొండ కుంగినట్టు కూర్చుంది.

తిరుపాలమ్మ ఆ కుండ పారబొయ్యలేదు. అన్నం పారబోస్తే పాపం. మంట మీదే ఉంచి, దగ్గరగా ఇగిరేదాకా కలుపుతూ ఉండమని తాతకి గరిటె ఇచ్చింది. రెండో కుండలో కొత్త దుంపలు వేసింది. వాళ్ళమ్మ వేసినంతే చింతపండు, వేసినంతే ఉప్పు. దుంపలు ఉడికే చప్పుడు అందరికీ వినబడింది. దించగానే నైవేద్యం పెట్టింది. తరవాత, అందరూ చూస్తుండగా, వేలితో ప్రసాదం తీసుకుని నోట్లో వేసుకుంది.

ముళ్ళు కదల్లేదు.

అప్పుడు అందరికీ దొప్పలతో నీళ్ళిచ్చింది. "ముందు నోరు పుక్కిలించండి."

"నాకెందుకక్కా?" అన్నాడు గురవయ్య.

"నీ ముక్కు మీద తేనెటీగని అడుగు తమ్ముడూ" అంది తిరుపాలమ్మ. మారప్ప పకపకా నవ్వబోయి, బుగ్గలో ఉసిరికాయ జారి పొలమారాడు.

విస్తరి మధ్యలో అమ్మ పులుసు వడ్డించింది. విస్తరి మూలన, ఇగిరి పచ్చడైపోయిన ఆ తీపి, పులుపు, కారం ఒక చిన్న ముద్ద పెట్టింది. కావలసినవాళ్ళు నంజుకుంటారు, అక్కరలేనివాళ్ళు వదిలేస్తారు.

పెద్దమ్మ తొండంతో తీసి తింది. పులుసు అయిపోయింది. పచ్చడీ అయిపోయింది. ఆ తరవాత విస్తరి కూడా చుట్టి నోట్లో పెట్టుకుంది! ఇంక బాగుందో లేదో చెప్పడానికి విస్తరైనా మిగల్లేదు.  పిల్లలు తిరుపాలమ్మ పొట్ట కిందికి దూరారు.

పెద్దమ్మ లేచింది. వాగు వైపు రెండడుగులు వేసింది. ఆగి, వెనక్కి తిరిగింది.

"రేపు ఎన్ని గంపల దుంపలు కావాలి? మా మందంతా వస్తుంది" అంది. "దారి మేము కాస్త పక్కకి జరుపుకుంటాంలే."

తిరుపాలమ్మ స్వామి ముందు కూలబడి ఏడ్చింది. పిల్లలు బయటికొచ్చి గెంతారు.

అందరికీ నచ్చిందా అంటారా? నచ్చలేదు! కారం చాలదంటూనే పచ్చమ్మ మూలన పచ్చడి రెండుసార్లు వేయించుకుంది. గురవయ్యా మారప్పా ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. కానీ వెళ్ళేముందు గురవయ్య కాస్త నసిగి, "అక్కా, నువ్వు తిన్నావా?" అన్నాడు. మర్నాడు మారప్ప అడిగాడు. అలా అలా ఆ పూటకూళ్ళ ఇంట్లో అదే ఆచారమైంది. ఆ మాట అడక్కుండా ఎవరూ విస్తరి ముందు నుంచి లేవరు.

ఇదిగో పిల్లలూ, ఇందాక అందరూ అన్నాలు తిన్నామన్నారే. మీకు పెట్టిన చెయ్యి తిన్నదో లేదో మీలో ఎంతమందికి తెలుసు? తల దించుకోకండి, రేపుంది. తాబేలు తాత చేసిన ఆ ఒక్క పనీ గుర్తుపెట్టుకోండి. రేపు ముద్ద నోట్లో పెట్టుకుని, ఉప్పు తక్కువో ఎక్కువో చెప్పేముందు, వడ్డించినవాళ్ళ మొహం చూసి అడగండి. ఏమని? ఏదీ, అందరూ ఒక్కసారి గట్టిగా అనండి... "నువ్వు తిన్నావా?"

నీతి: పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, పదిమంది మాటా విను, కానీ నీ వంట నువ్వు రుచి చూశాకే మార్చు, వండి పెట్టినవాళ్ళు తిన్నారో లేదో అడిగాకే వంకపెట్టు.