నేరేడు నీడ కోసం మూడు ఆటలు

అనగనగా ఒక అడవిలో ఎండలు ముదిరిపోయాయి. వాగు ఇంకిపోయింది. చెట్లు ఆకులు రాల్చేశాయి. నీడ మిగిలింది ఒక్కచోటే. మడుగు గట్టున అయిదు నేరేడు చెట్లు ఉండేవి, వాటి కింద.

ఆ నీడ ఎవరిదన్న సంగతి ఏటా కర్రాబిళ్ళ ఆటలో తేలేది. మీరు ఆడారో లేదో, చెబుతాను వినండి. చిన్న కొయ్యబిళ్ళను కర్రతో పైకి లేపి కొట్టాలి. కింద పడకముందే అవతలివాళ్ళు పట్టుకుంటే కొట్టినవాడు ఔటు. పట్టుకోలేకపోతే, పడిన చోటిదాకా కర్రతో కొలుస్తారు. ఎన్ని కర్రల దూరమైతే అన్ని పాయింట్లు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళకి వేసవంతా నేరేడు నీడ.

ఏడేళ్ళుగా కోతులే గెలుస్తున్నాయి. వాటి నాయకుడు దండిరాజు ఒక కట్టుబాటు పెట్టాడు. బిళ్ళ జారవిడిచిన కోతి ఇక జట్టులో ఆడకూడదు, నేరేడు నీడకి రాకూడదు.

"మేం గెలిచేది అందుకే" అనేవాడు దండిరాజు. అడవంతా అది నిజమే అనుకుంది.

ఈ ఏడాది కోతుల మీద ఆడతానని పోలమ్మ అనే కుందేలు ముందుకొచ్చింది. పోయిన వేసవిలో దాని పిల్లలు రెండు ఎండదెబ్బకి చనిపోయాయి. ఇప్పుడు బొరియలో ఇంకో మూడు ఉన్నాయి. దాని జట్టులో చేరింది ముగ్గురే. ముసలి ముంగిస గవరయ్య, ఏదుపంది ముళ్ళయ్య, ఉడుత చిటికి.

"నలుగురేనా? తక్కినవాళ్ళు జ్వరాలతో పడుకున్నారా?" అన్నాడు దండిరాజు.

"ఉన్నది ఇంతే. మీరూ నలుగురే దిగండి" అంది పోలమ్మ.

ఎలుగుబంటి తీర్పరిగా కూర్చుంది. సాయంత్రం ఎండ వాలాక మొదటి ఆట మొదలైంది. గవరయ్య పడమటికి తిరిగి నిలబడ్డాడు. బిళ్ళ మూడుసార్లు అతని మీదికే వచ్చింది. మూడుసార్లూ జారింది. కోతులు సునాయాసంగా గెలిచాయి.

"పోలమ్మక్కా, తాతని తీసెయ్. ఆయన బదులు ఒక రాయిని నిలబెట్టినా తగిలి ఆగేది" అంది చిటికి.

"నేనూ అదే అనబోతున్నా" అన్నాడు ముళ్ళయ్య.

గవరయ్య తల దించుకుని కూర్చున్నాడు. పోలమ్మకి బొరియలోని పిల్లలు గుర్తొచ్చారు. ఇంకొక్క ఆట ఓడితే నీడ లేదు. తీసెయ్యడమే తేలిక. కానీ అది గవరయ్య దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"గవరయ్య బాబాయ్, పాముని పట్టిన చేతులు నీవి. బిళ్ళ ఎందుకు జారింది?"

గవరయ్య మెల్లగా అన్నాడు. "ఎండ సూటిగా కళ్ళలో పడుతోందమ్మా. బిళ్ళ మీదికొచ్చేదాకా కనపడదు. చెబితే ముసలాడు సాకులు వెతుకుతున్నాడంటారని చెప్పలేదు."

"అయితే రేపు ఆ తుమ్మచెట్టు పక్కన నిలబడు, మాను ఎండకి అడ్డం ఉంటుంది."

"మరి ఎండవైపు ఎవరుంటారు?" అన్నాడు ముళ్ళయ్య.

"నేనుంటా. చెవులు ఇంత పొడుగున్నది ఎందుకు?" అంది పోలమ్మ. ఒక చెవి మడిచి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూపించింది. చిటికి నవ్వింది. గవరయ్యా నవ్వాడు.

రెండో ఆటలో తుమ్మచెట్టు పక్క నుంచి గవరయ్య మూడు బిళ్ళలు పట్టాడు. చెవి నీడలోంచి పోలమ్మ ఒకటి పట్టింది. అవతల కొండడు అనే కోతి ఒక్క బిళ్ళ జారవిడిచాడు. ఆ ఒక్కదానితో పోలమ్మ జట్టు గెలిచింది.

దండిరాజు కొండణ్ణి ఏమీ అడగలేదు. "నడువు" అన్నాడు. అంతే. కొండడు ఎండలోకి వెళ్ళిపోయాడు. తక్కిన కోతులు నేల చూపులు చూశాయి.

మర్నాడు మూడో ఆటకి అడవంతా వచ్చింది. కోతులు ముందు కొట్టాయి. తుమ్మచెట్టు పక్కన ఉండి కూడా గవరయ్య ఒక బిళ్ళ వదిలేశాడు.

"ఈసారి ఎండది కాదు, తప్పు నాదే" అన్నాడు.

"సరే బాబాయ్, తర్వాతది చూసుకో" అంది పోలమ్మ. తర్వాతది గవరయ్య దుమ్ములో దొర్లి మరీ పట్టాడు.

ఇక పోలమ్మ జట్టు కొట్టాలి. పోలమ్మ కొట్టింది, ముళ్ళయ్య కొట్టాడు, గవరయ్య కొట్టాడు. గెలవడానికి ఇంకా పన్నెండు కర్రల దూరం కావాలి. మిగిలింది చిటికి ఒక్కతే. కర్ర దానికంటే పొడుగు.

చిటికి ఒళ్ళంతా తిప్పి కొట్టింది. బిళ్ళ మరీ దూరం పోలేదు. బాగా పైకి లేచి, ముగ్గురు కోతుల మధ్యకి దిగసాగింది. ఆ ముగ్గురిలో దండిరాజూ ఉన్నాడు. పట్టడం ఎవరికైనా తేలికే.

"నీదే" అన్నాడు ఒకడు.

"కాదు, నీదే" అన్నాడు ఇంకొకడు.

చెయ్యి చాపి జారవిడిస్తే తనకి నీడ పోతుంది. చాపకపోతే జారవిడిచినట్టు కాదు. ముగ్గురూ ఒకే లెక్క వేసుకున్నారు. దండిరాజు చెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది. బిళ్ళ అతని కాళ్ళ దగ్గర పడింది.

ఎలుగుబంటి కర్రతో తాపీగా కొలిచింది. పదమూడు కర్రలు.

ఆ సాయంత్రమే పోలమ్మ పిల్లల్ని నేరేడు నీడకి తెచ్చుకుంది. గట్టుకి దూరంగా, ఎండలో కొండడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పోలమ్మ అతని దగ్గరికీ వెళ్ళింది.

"ఏం బాబూ, నిన్న బిళ్ళ ఎందుకు జారింది?"

కొండడు అరచెయ్యి తెరిచి చూపించాడు. మధ్యలో తుమ్మముల్లు లోతుగా దిగి ఉంది. చుట్టూ వాచింది.

"చెప్పకపోయావా?"

"ఎవరూ అడగలేదు" అన్నాడు కొండడు.

"ముళ్ళయ్యా, ఇలా రా. ముళ్ళ సంగతి నీకే తెలుసు" అని పిలిచింది పోలమ్మ. ముళ్ళయ్య తన ముల్లు ఒకటి పెరికి, దాని మొనతో తుమ్మముల్లు పైకి లాగాడు. తర్వాత కొండణ్ణి నీడలోకి తీసుకొచ్చాడు.

నీతి: తప్పు చేసినవాణ్ణి వెళ్ళగొట్టే ముందు, అది ఎందుకు జరిగిందో అడగాలి. తప్పుకి భయపడేవాళ్ళు చెయ్యే చాపరు.