పురుగుల్లేని బియ్యం

కాలవ గట్టున మూతపడ్డ రైస్ మిల్లు ఒకటుంది. మనుషులు తాళం వేసి పోగానే నక్క పాపయ్య వెనక కన్నంలోంచి లోపలికి దూరి, మిగిలిపోయిన బస్తాలు ముందేసుకుని కిరాణా కొట్టు తెరిచాడు. గుడ్డుకి చిప్పెడు బియ్యం. కొట్టు పెట్టాక కోళ్ళ వెంట పడ్డం మానేశాడు. మంచివాడైపోయాడనుకునేరు, అదేం కాదు. కోళ్ళే నడిచొచ్చి గుడ్లు ముందు పెడుతుంటే పరిగెత్తి ఆయాసపడ్డం దేనికని.

ఆ కొట్టుకి రోజూ వచ్చేది చుక్కల పెట్ట రావులమ్మ. తొలిసారి పొదిగితే నలుగురు పిల్లలు, మలిసారి ఏడుగురు. అందరికీ ఆకలే. పెట్టిన గుడ్డు పెట్టినట్టే కొట్టుకి పోతోంది. ఈసారి పొదుగుదామంటే గూట్లో ఒక్కటి నిలవడం లేదు. పోనీ పిల్లలు ఒళ్ళు చేస్తున్నారా అంటే అదీ లేదు, రెక్కలు వేలాడేసుకుని తిరుగుతున్నారు.

"ఇంత తింటున్నారు, తిన్నదంతా ఎటు పోతోందయ్యా?" అని మొగుణ్ణి అడిగింది.

మొగుడు సింహాద్రి కూత తప్ప వేరే పని ఎరగని పుంజు. "మనింట్లో తెల్లబియ్యం తప్ప దిగదు. వెతికినా పురుగు కనపడదు. ఇంకేం కావాలే వీళ్ళకి?" అని మెడ సాచాడు.

రావులమ్మ పాపయ్యనీ అడిగింది. అతను జాలిపడ్డాడు.

"బలం చాలడం లేదు చెల్లెమ్మా. ఇదిగో, బలం పొట్లం. పిల్లలకి పెట్టి చూడు."

బాదం ఆకు విప్పితే లోపల నల్లటి పురుగులు. పిల్లలు ఎగబడి తిని, ఆ సాయంత్రమంతా దొడ్డంతా చిందులు తొక్కారు. రావులమ్మ ప్రాణం కుదుటపడింది. అయితే పొట్లం ఖరీదు రెండు గుడ్లు. రోజుకో గుడ్డు పెట్టే తల్లి ఎన్నాళ్ళు కొనగలదు? అరువు పెరిగింది.

"గుడ్లు లేకపోతే ఏం, పిల్లల్లో ఒకణ్ణి నా కొట్లో పనికి పంపు," అన్నాడు పాపయ్య మూతి నాక్కుంటూ. "నా దగ్గరే ఉంటాడు, నా దగ్గరే తింటాడు. అదీ కుదరదంటే సంతరోజు నించి నీకు బియ్యం ఇవ్వను."

ఇంటిదారంతా రావులమ్మకి అదే ఆలోచన. నక్క దగ్గర పనికెళ్ళిన పిల్ల తిరిగొస్తుందా? పొట్లం అడుగున ఒక పురుగు మిగిలితే చిన్నదాని నోటికి అందించబోయి ఆగింది. పురుగు మూతికి తెల్లగా ఏదో అంటుకుని ఉంది. తల ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. బియ్యప్పిండి.

"ఇదెక్కడ మేసిందబ్బా?" అనుకుంది. ఆ రాత్రి ఎంత ఒత్తిగిలినా ఆ ప్రశ్న వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకెళ్ళింది.

"పిల్లాణ్ణి పంపుతాలే అన్నా. కాకపోతే ముందు ఆ పనేదో నాకు చూపించు. బస్తాలు మోయమంటే మోయలేడు."

పాపయ్య తోక ఎగిరింది. "మోసేదేముంది చెల్లెమ్మా, జల్లెడ పట్టడమే," అంటూ వెనక గదిలోకి తీసుకెళ్ళాడు.

వరసగా బస్తాలు, ప్రతి బస్తా మీదా పురుగులు పాకుతున్నాయి. మధ్యలో జల్లెడ. దానికి ఓ పక్క తెల్లబియ్యం, ఇంకో పక్క పురుగుల కుప్ప. కుప్ప పక్కన బాదం ఆకులు పేర్చి ఉన్నాయి.

"ఈ రెండూ ఒక్క బస్తాలోవేనా?"

"ఒక్క బస్తాలోవే. మీకు శుభ్రమైన బియ్యం కావాలి కదా మరి."

"పురుగుల్ని ఏం చేస్తావన్నా?"

"పారేస్తాను," అంటూ బాదం ఆకుల మీద కూర్చున్నాడు పాపయ్య.

రావులమ్మకి ఒళ్ళు మండిపోయింది. పురుగులు ఏరినందుకు ఒక గుడ్డు, ఏరిన పురుగులు తిరిగిచ్చినందుకు రెండు గుడ్లు. అంతలోనే తన మీద తనకే నవ్వొచ్చింది. కోడి పుట్టుక పుట్టి పురుగుల్లేని బియ్యం కావాలని బేరాలాడింది కదా ఇన్నాళ్ళూ. పైకి మాత్రం, "పని తేలికైనదే. సంతరోజున పిల్లలందర్నీ తీసుకొస్తాను, నీకు నచ్చినవాణ్ణి ఎంచుకో," అని వచ్చేసింది.

సంతరోజున కొట్టు ముందు బాతులు, గిన్నికోళ్ళు, కాలవ అవతలి పెట్టలు కిటకిటలాడుతున్నాయి. రావులమ్మ పదకొండుమంది పిల్లల్నీ వెంటేసుకొచ్చి, అందరికీ వినపడేలా అడిగింది.

"పాపయ్యన్నా, నీ కొట్లో పురుగుబియ్యం ఉందటగా?"

బాతులు వెనక్కి తగ్గాయి. బేరాలు పోతున్నాయని పాపయ్య కంగారుపడ్డాడు.

"ఎవరన్నారా మాట? నా కొట్లో పురుగా? పురుగు పట్టిన బస్తా ఎక్కడ కనపడ్డా ఊరికే పట్టుకుపొండి. గుడ్డు అడిగానా, నా తోక కోసెయ్యండి."

"అందరూ విన్నారుగా," అంటూ రావులమ్మ వెనక గది తలుపుని ఒక్క తోపు తోసింది.

ఇక చూడాలి. ముక్కుతో పొడిచేవాళ్ళు పొడుస్తున్నారు, బస్తా ఈడ్చేవాళ్ళు ఈడుస్తున్నారు. "చెల్లెమ్మా, అది కాదు," అంటూ పాపయ్య ఒక్కో బస్తాకీ అడ్డం పడుతుంటే, "తోక జాగ్రత్తన్నా," అంది ఓ గిన్నికోడి. పొద్దు వాలేసరికి కొట్లో జల్లెడా బాదం ఆకులే మిగిలాయి.

ఇప్పుడు రావులమ్మ ఇంట్లో బియ్యమూ పురుగులూ కలిపే వడ్డన. "పురుగుబియ్యం తింటున్నామని నలుగురికీ తెలిస్తే పరువేం కావాలే?" అంటాడు సింహాద్రి, నోటి నిండా కుక్కుకుని. పిల్లల రెక్కలు నిలబడ్డాయి. గూట్లో గుడ్లు నిలిచాయి.

ఒకరోజు పాపయ్య డొక్కలు లోపలికి పోయి, గూటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఒక్క గుడ్డుందా?"

"ఆరున్నాయన్నా," అంది రావులమ్మ, వాటి మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. "పొదుగుతున్నాను."

పాపయ్య మళ్ళీ కాలవ గట్టున పీతల వెంట పరిగెత్తుతున్నాడు.

సరుకు శుభ్రంగా ఉందని మురిసే ముందు, అందులోంచి ఏం తీశారో, తీసినదాన్ని ఎవరికి అమ్ముతున్నారో అడగాలి.