ఎలుగుబంటి వీపు, నలభై చెట్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో డబ్బుల్లేవు, గీతలున్నాయి. ఎవరికి ఏ పని చేసిపెట్టినా వాళ్ళిచ్చేది గీతలే. ఆ గీతలు ఇంకొకరికిచ్చి మనకు కావలసిన పని చేయించుకోవచ్చు.

ఆ గీతలన్నీ తన మద్దిచెట్టు బెరడు మీద గీసిపెట్టేది బొంతయ్య అనే ఎలుగుబంటి. ఆయనకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. "నాకొచ్చినవి రెండే. గీయడం, నిద్రపోవడం. రెండోదాంట్లో కాస్త గట్టివాణ్ణి," అనేవాడు.

చారలమ్మ అనే ఉడుత కడుపుతో ఉంది. వానలు పడేలోగా వడ్రంగిపిట్ట చేత తొర్ర చెక్కించుకోవాలి. దానికి పన్నెండు గీతలు. ఎండాకాలమంతా ఒళ్ళొంచి పనిచేసి పన్నెండూ కూడబెట్టింది.

సరిగ్గా అప్పుడే బొంతయ్యకు వీపు దురద పుట్టింది. కళ్ళు మూసుకుని చెట్టుకేసి హాయిగా రుద్దుకున్నాడు. తెరిచి చూస్తే బెరడు నున్నగా ఉంది!

చారలమ్మ పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్, నా గీతలేవీ?"

"నా వీపుకేమైనా అంటుకున్నాయేమో చూడమ్మా," అన్నాడు బొంతయ్య బిక్కమొహంతో.

అందరూ పోగయ్యారు. "నేనిచ్చినవి నాలుగు," అంది కుందేలు. "నావి ఐదు," అంది తాబేలు. "నావి మూడు," అంది నెమలి. పన్నెండూ తేలాయి. మిగతావాళ్ళ లెక్కలూ అలాగే తేలాయి. చారలమ్మకు ప్రాణం లేచొచ్చింది.

బొంతయ్య చేతులు జోడించాడు. "ఇకనుంచి అందరి గీతలూ అందరూ గీసుకోండి, ఎవరి చెట్టు మీద వాళ్ళు. ఎవరు ఎవరికిచ్చినా పొద్దున్నే వాగు దగ్గర గట్టిగా చెప్పాలి. ఎక్కువ చెట్లు ఏమంటే అదే లెక్క. నా వీపుకి ఇంత బాధ్యత వద్దు బాబూ!"

అలా నలభై చెట్ల మీద గీతలు పడ్డాయి.

మర్నాడు సన్నాయి అనే నక్క తేనెపట్టుతో వచ్చింది. "మామా, ఉడుత గీతలు చెరిపి ఆ పన్నెండూ నా పేరున గీసెయ్."

"ఛీ, పో!" అన్నాడు బొంతయ్య.

రెండో రోజు ఇప్పపూలు తెచ్చింది. "ఊఁహూఁ," అన్నాడు, కాస్త మెల్లగా.

మూడో రోజు రెండూ తెచ్చింది. బొంతయ్యకు వీపు దురద పుట్టింది. అది నిజం దురదో కాదో ఆయనకే తెలియాలి. రుద్దాడు. గీశాడు. తిన్నాడు.

తెల్లారగానే నక్క వాగు దగ్గర అరిచింది. "వడ్రంగన్నా, ఆ పన్నెండు గీతలూ నావే! కావాలంటే మామ చెట్టు చూసుకో!"

వడ్రంగిపిట్ట చెట్లన్నీ తిరిగొచ్చింది. "ముప్పైతొమ్మిది చెట్లు చారలమ్మవే అంటున్నాయి. నీవని చెప్పేది ఒక్కటే. దాని బెరడుకి ఎలుగు బొచ్చు అంటుకుని ఉంది. చారలమ్మా, తొర్ర నీదే!"

అందరూ పకపకా నవ్వారు.

"అయితే నా తేనె నాకిచ్చెయ్ మామా!" అని నక్క గోలపెట్టింది. దాంతో మిగిలిన సంగతీ బయటపడింది.

బొంతయ్య తల దించుకున్నాడు. "అమ్మా చారలమ్మా, నన్నింక నమ్మకు."

"నిన్ను నమ్మడమెందుకు బాబాయ్? అందుకేగా అందరం గీస్తున్నాం!" అంటూ చారలమ్మ ఆయన వీపెక్కి గోకింది. "ఈసారి దురదేస్తే చెట్టు దగ్గరికెళ్ళకు, నన్ను పిలు. గోకుడికి ఒక గీత."

"బొంతయ్య చారలమ్మకు ఒక గీత ఇచ్చాడహో!" అని కాకి చాటింది. నలభై చెట్ల మీద గీత పడింది. బొంతయ్య కూడా గీశాడు, పక్కచెట్టు చూసి.

నీతి: అందరి దగ్గరా ఉన్న లెక్కను ఒక్కడు చెరపలేడు, చెరపబోతే చెడేది వాడి పేరే.