బొంతప్ప పీకేసిన పోతుపొదలు

మబ్బుకొండ మీద ఏడాదికి ఎనిమిది నెలలు మబ్బే. అక్కడి జంతువులు ఒకదాన్నొకటి కళ్ళతో కన్నా గొంతుతోనే ఎక్కువ గుర్తుపడతాయి. అలాంటి చోట తప్ప ఇంకెక్కడా బతకని పొద ఒకటుంది, మబ్బునేరేడని. నడుమెత్తు పెరుగుతుంది. ఆకు మందంగా, పైన సన్నటి నూగుతో ఉంటుంది. మబ్బు ఆ నూగుకి తగిలి బొట్టు కడుతుంది, బొట్టు ఆకు కొస నుంచి జారి మొదట్లో పడుతుంది. అంటే ఆ పొద తన నీళ్ళు తానే తోడి పోసుకుంటుందన్నమాట. తీసుకెళ్ళి పల్లంలో నాటితే వారం కూడా నిలవదు. కొండకి ఇటువైపు అలాంటివి పదకొండే ఉండేవి, అన్నీ ఒక్క వాలులోనే.

ఆ వాలులో బొంతప్ప కాపురం. బొంతప్ప ఎలుగుబంటి. ఒంటి నిండా జుట్టు పాత బొంతలా వేలాడుతుంటే అడవి అడవంతా ఆ పేరే ఖాయం చేసింది. మనసు మంచిదే గానీ బుర్ర కాస్త నిదానం. ఎవరైనా రెండు మాటలు చెబితే, రెండోది అర్థమయ్యేలోగా మొదటిది జారిపోయేది.

ఆ ఏడు ఆమెకి ఇద్దరు గుంటలు, ఇంకా పాలు తాగే పసిపిల్లలు. ముసురు నెలల్లో ఆ కొండ మీద ఇంకే పండూ దొరకదు. పుట్టలు నానిపోయి చెదలు కూడా లోతుకి దిగిపోతాయి. గుంటలు పాలు మానే వేళకి మబ్బునేరేడు పండాలి. పండితే బతుకుతారు, పండకపోతే బతకరు. బొంతప్పకి అన్నీ మర్చిపోయే అలవాటున్నా ఈ ఒక్కటి మాత్రం పడుకున్నా లేచినా గుర్తుండేది.

పదకొండు పొదల్లో కాసేవి నాలుగే. మిగతా ఏడూ ఏటేటా గుత్తులు గుత్తులుగా పూసి, రాల్చేసి ఊరుకునేవి. కాసిన పొద పక్కన బండ మీద గోటితో ఒక గీత గీయడం ఎలుగుల ఆనవాయితీ. ఆ ఏడింటి పక్కన బండలు బొంతప్ప అమ్మమ్మ నాటి నుంచీ నున్నగానే ఉండిపోయాయి. గీత లేని పొదంటే ఎలుగుల్లో ఎవరికీ లెక్కలేదు.

ఒకనాడు పొద్దున్నే నక్క చెంగయ్య వచ్చాడు. గుంటల్ని ముద్దు చేశాడు, బొంతప్ప చిక్కిపోయిందని బాధపడ్డాడు, తర్వాత తీరిగ్గా పొదల వైపు చూశాడు.

"అప్పా, ఈ ఏడు పొదల్నీ ఎందుకు మేపుతన్నావు?"

"నేనేటి మేపుతాను? మబ్బే మేపుతాది."

"అదే సెప్తన్నాను. వచ్చిన మబ్బులో సగం పైన ఇయ్యే తాగీసి కూకుంటన్నాయి. పీకీ. ఆ నీళ్ళన్నీ నాలుగింటికీ పోతాయి, పండు రెండింతలవుతాది. గుంటలు ఇద్దరు గదా నీకు."

మబ్బు అందరిదీ కదా, ఒకరు తాగితే ఒకరికి తగ్గుతుందా అని బొంతప్పకి ఒక అనుమానం రాబోయింది. అది పూర్తిగా వచ్చేలోపే 'గుంటలు ఇద్దరు' అన్న మాట చెవిన పడి, అనుమానం కాస్తా ఎటో పోయింది. ఇంక ఆలోచించేదేముందని గోళ్ళు చాచి పనిలోకి దిగింది.

చెంగయ్యకి మబ్బుతోనూ పని లేదు, పండుతోనూ పని లేదు. రాలిన నేరేడు పండు ఏరుకుతినే అడవికోళ్ళు ఆ ఏడు పొదల అడుగునే దాక్కునేవి. కొమ్మలు నేలదాకా దట్టంగా ఉండడంతో వాడికి మూతి పెట్టే సందు కూడా దొరికేది కాదు. రెండు రోజుల్లో బొంతప్ప ఏడింటినీ వేళ్ళతో సహా పెకలించి లోయలోకి దొర్లించేసింది. వాలంతా బోసిపోయింది. మూడోనాడు చెంగయ్య రెండు కోళ్ళు పట్టుకుని విందు చేసుకున్నాడు. నాలుగోనాడు చూస్తే మిగిలిన కోళ్ళు ఎటు పోయాయో ఒక్కటీ కనపడలేదు.

పూత రోజులు వచ్చాయి. నాలుగు పొదలూ తెల్లగా పూశాయి. బొంతప్ప సంబరపడి గుంటలకి చూపించింది. పది రోజులకి తొలిపూలు రాలాయి, వాటి కింద పిందె లేదు. రాలిన పువ్వునల్లా తిరగేసి చూసింది. ఎందులోనూ ఏమీ లేదు.

మొదట కొండముచ్చులు పిందెలు తెంపుకుపోతున్నాయనుకుంది. రెండు పగళ్ళు పొదని కావలించుకుని కాపలా కూర్చుంది. ఒక్క కొండముచ్చూ రాలేదు. పూలు రాలాయి, పిందె లేదు. నీళ్ళు చాల్లేదేమోనని లోయలో పారే గెడ్డకి పోయి నోటినిండా నీళ్ళు పట్టుకొచ్చి మొదళ్ళలో పోసింది. పొదకి కోపం వచ్చిందేమోనని వాటి ముందు కూర్చుని బతిమాలింది కూడా. రెండింతలు పండాల్సింది ఒక్కటీ పండకపోతే ఎక్కడ తప్పు చేసిందో ఎంత తల గోక్కున్నా అంతుపట్టలేదు. పాలు తగ్గిపోతున్నాయి. గుంటలు ఆకలికి ఒకరి చెవులొకరు చీక్కుంటుంటే చూడలేక ఏడ్చింది.

అప్పుడు ఆమె కంట పడింది తేనెటీగ జుంటమ్మ. ఒక పువ్వు మీద వాలి, ఏదో వెతికి, దొరక్క విసుక్కుంటోంది. తేనెటీగలకి ఎలుగంటే హడలు. బొంతప్ప పలకరించగానే జుంటమ్మ చటుక్కున ఎగిరి పైకొమ్మ మీద కూర్చుంది. ఈ ఏడంతా మా పట్టు జోలికి రానని మాటిస్తేనే నోరు విప్పుతానంది. నోట్లో నీళ్ళూరుతున్నా మింగేసి, బొంతప్ప మాటిచ్చింది.

"ఇయ్యి ఆడపొదలప్పా. నువ్వు పీకీసినవి పోతులు," అంది జుంటమ్మ. "పల్లపోళ్ళ పొలాల్లో పోతుతాడి ఉండదూ? కాయ కాయదు గానీ, అది నేకపోతే పక్క తాడికి ముంజ పట్టదు. పోతుపువ్వులో పచ్చపొడి ఉంటాది. ఆ పొడి కాళ్ళకంటించుకొచ్చి ఈ పువ్వుల్లో రాలిస్తే పిందె కడతాది. ఇప్పుడు పొడి నేదు. ఉత్త కాళ్ళతో వచ్చి నేనేటి సెయ్యాల?"

బొంతప్పకి ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంటే గానీ ఎక్కలేదు. ఎక్కాక నేల మీద చతికిలబడిపోయింది. గుంటల నోటికాడ కూడు తన గోళ్ళతో తానే లోయలోకి దొర్లించిందని అర్థమైంది.

గెడ్డ అవతలి గట్టున మూడు పోతుపొదలున్నాయనీ, అవింకా పూతలోనే ఉన్నాయనీ జుంటమ్మ చెప్పింది. అయితే ఈ ముసురులో లోయ దాటితే రెక్కలు తడిసి నీళ్ళలో పడిపోతుందట. ఒంటినిండా జుట్టున్న వాళ్ళెవరైనా వెళ్ళి, ఆ పూలలో దూరి, ఇక్కడికొచ్చి ఈ పూలలో దూరితే పని జరుగుతుందట. పూత ఇంక పది రోజులు మాత్రమే ఉంటుందట. తానే వెళ్దామంటే చిరుత తిరుగుతున్న కొండ మీద గుంటల్ని ఒంటరిగా ఎలా వదలడం? బొంతప్ప అలా కొట్టుమిట్టాడుతుండగానే చెంగయ్య వచ్చాడు. డొక్కలు ఎండి ఉన్నాడు. కోళ్ళు ఎటు పోయాయో చూశావా అప్పా అని అడిగాడు.

బొంతప్ప వాడి తోక వైపు చూసింది. గుబురుగా, మెత్తగా ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె బుర్రలోకి ఒక ఆలోచన వచ్చి, జారిపోకుండా కూర్చుంది.

"నేను సూడనేదు తమ్ముడా. కోళ్ళు దట్టమైన పొదల్లోనే గదా దాక్కుంటాయి? అవతలి గట్టున అచ్చం ఇలాటివే మూడున్నాయంట."

చెంగయ్య పరుగెత్తాడు. గెడ్డ దాటి, గట్టెక్కి, మూడు పొదల్లోనూ ఆ చివర దూరి ఈ చివర తేలాడు. కోడి ఈక కూడా దొరకలేదు. మూతి నుంచి తోకదాకా పచ్చపొడి పూసుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఆ పొడి ఏమిటో వాడు పట్టించుకోలేదు. అక్కడ లేవంటే, ఇటొచ్చాయేమో మా నాలుగింట్లో చూడకపోయావా అంది బొంతప్ప. వాడు నాలుగు పొదల్లోనూ దూరి, తోకతో పూలన్నీ ఊడ్చి బయటికొచ్చాడు. ఇక్కడా లేవన్నాడు. మరైతే మళ్ళీ అటు వెళ్ళాయేమోనంది.

ఇలా తొమ్మిది రోజులు జరిగింది. అక్కడ లేని కోళ్ళు ఇక్కడా లేకపోతే ఇంకెక్కడున్నాయో చెంగయ్యకి తలా తోకా తెలియలేదు. మబ్బులో తన అడుగుల చప్పుడే కోడి చప్పుడనుకుని రెండుసార్లు గెడ్డలో పడ్డాడు. బొంతప్ప గుంటల్ని ఒళ్ళో పెట్టుకుని, వాడు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తమ్ముడా జాగ్రత్త అని చెబుతూ ఉండేది.

పదో రోజున పూలు రాలితే, కింద పచ్చటి పిందెలు కనిపించాయి. మిరియం గింజంత ఉన్నాయి. బొంతప్ప ముందు లెక్కపెట్టింది, లెక్క తప్పింది, మళ్ళీ పెట్టలేక ఏడుస్తూ కూర్చుంది. చెంగయ్య అటూ ఇటూ చూసి ఇదేటప్పా, మొన్నటిదాకా లేవు కదా అన్నాడు. ఆమె దాచకుండా జరిగిందంతా చెప్పింది. వాడు తన తోకని ముందుకి లాక్కుని చాలాసేపు చూసుకున్నాడు.

"అయితే నన్ను కూలీకి తిప్పినావా?"

"కూలి నేదు తమ్ముడా, ఉత్తినే తిప్పినాను. ఈ పండు రాలితేనే నీ కోళ్ళు మళ్ళా ఈ కొండకి వస్తాయి. పండ్ల గింజలు నాటుతాను. అందులో పోతువి మొలిచి పూసీదాకా, ఏటేటా నువ్వే రావాల."

చెంగయ్యకి కోపం వచ్చింది. ఎవరి మీద పడాలో తెలియలేదు. పొదలు పీకమన్నది తానే. ఏటేటా గెడ్డ దాటకపోతే పండు లేదు, పండు లేకపోతే కోడి లేదు. ఆ పిందెలు పండి గుంటలు గట్టెక్కారు. మరుసటేడు పూత రోజున ఎవరూ పిలవకుండానే చెంగయ్య, తల దించుకుని, తోక తడవకుండా పైకెత్తుకుని అవతలి గట్టుకి బయల్దేరాడు.

నీతి: తాను కాయదని దేన్నీ పీకేయకు, అది ఎవరి కాయలో ఉందో ముందు కనుక్కో.