రాజుగారిని తాకని బంతి

తూర్పున సముద్రం, పడమట కొండలు. ఆ రెండింటి నడుమ ఎంత చోటు మిగిలిందో అంతే ఉండేది పాలవెల్లి రాజ్యం. దాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. కరువొస్తే కోట గాదెలు తెరిపించేవాడు. కాకపోతే, తాను ఓడిపోవడమన్నది లోకంలో జరగడానికి వీల్లేని పని అని ఆయన గట్టి నమ్మకం.

ఆయన కొలువులో తిప్పన్న అని ఒక రాయసం ఉండేవాడు. రాజుగారు నోటితో అన్నదాన్ని ఉన్నదున్నట్టు తాటాకు మీద రాసిపెట్టడం రాయసం పని. తిప్పన్న బక్కపలచని మనిషి. మాట మెత్తన, రాత ముత్యాల వరస. ఒక్క అక్షరం ఎక్కువ రాయడు, ఒక్క అక్షరం తక్కువా రాయడు. అతనికి ముందున్న రాయసం 'మహారాజు' అని రాయబోయి ఒక దీర్ఘం మింగేశాడట. ఆ పాపానికి ఏనుగుల శాలకు పంపారు. ఇప్పటికీ అక్కడ గడ్డిమోపులు మోస్తున్నాడు. అందుకని తిప్పన్న ఘంటం పట్టినప్పుడల్లా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసేవాడు.

ఒకనాటి సాయంత్రం రాజుగారు వేట ముగించుకుని కుమ్మరివాడ మీదుగా వస్తున్నారు. వెంట తిప్పన్న కూడా ఉన్నాడు. కుండలు కాల్చే ఆవాల అవతల బయల్లో పిల్లలు ఏడు పెంకులాట ఆడుతున్నారు. పగిలిన కుండపెంకులు ఏడు తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చారు. పది అడుగుల దూరం నుంచి ఒక జట్టువాళ్ళు గుడ్డబంతితో వాటిని కొట్టాలి. మూడు విసుర్లలో పడగొట్టలేకపోతే ఆ దఫా పోయినట్టే. పడగొడితే మాత్రం చెల్లాచెదురైన పెంకుల్ని మళ్ళీ పేర్చెయ్యాలి. పేర్చేలోగా రెండో జట్టువాళ్ళు బంతితో కొడతారు. బంతి తగిలినవాళ్ళు ఆటలోంచి పోవాలి. అంతే ఆట.

రాజుగారికి సరదా పుట్టింది. గుర్రం దిగి, తలపాగా బంటు చేతికిచ్చి, బయల్లోకి దిగారు. పెంకులు పడ్డాయి. రాజుగారు వంగి రెండో పెంకు పెట్టబోతున్నారో లేదో, వెనక నుంచి వచ్చిన గుడ్డబంతి వీపు మీద ధబ్బున తగిలింది.

"తగిలింది! నువ్వు పోయావు బాబూ!" అంటూ ఒక పిల్ల గంతులేసింది. పదేళ్ళుంటాయి. పేరు నూకాలు. కుమ్మరి అప్పలనరసమ్మ మనవరాలు.

బంట్లు బిగుసుకుపోయారు. రాజుగారు మెల్లగా వెనక్కి తిరిగారు.

"ఎవరు పోయింది?"

"నువ్వే బాబూ. మరెవరు?" అంది నూకాలు, అదేదో తెలియని సంగతా అన్నట్టు.

రాజుగారు తలపాగా లాక్కుని గుర్రమెక్కారు. చిన్నప్పుడు అదే బయల్లో మోకాళ్ళు దోక్కుని పెరిగిన తిప్పన్న మాత్రం నవ్వు ఆపుకోలేక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు కొలువు తీరగానే రాజుగారు, "రాయసం! రాసుకో" అన్నారు. "నేటి నుంచి కోటలో ఏడు పెంకులాట ఆడతాం. ఆటకు మేమొక నియమం చేరుస్తున్నాం. రాజుగారి ఒంటిని తాకిన బంతి తాకనట్టే."

తిప్పన్న ఘంటం ఎత్తి, ఒక్క క్షణం ఆగాడు. "ప్రభూ, ఒళ్ళంటే వీపూ, కాళ్ళూ అని రాయమన్నారా? లేక చేతులు కూడానా?"

"ఏం ప్రశ్నయ్యా అది? అరికాలి నుంచి నడినెత్తి దాకా ఒక్క వేలు కూడా వదలకుండా రాయి!"

"చిత్తం. ఇంకోసారి ఆలోచిస్తే..."

"ఏనుగుల శాలలో ఇంకో మనిషికి చోటుందా?" అని రాజుగారు దళపతి వైపు చూశారు.

తిప్పన్న ఒక్క వేలు కూడా వదలకుండా రాశాడు.

ఇక చూడండి ఆట. కోట ముంగిట రోజూ సాయంత్రం రాజుగారు ఒక జట్టు, కొలువువాళ్ళు ఇంకో జట్టు. బంతి రాజుగారి చేతిలోనే ఉండేది. ఇంకొకరు పట్టుకుంటే బాగుండదు కదా! ఆయన విసిరితే మంత్రులు పరిగెత్తినట్టు నటించేవారు. ఆయన పెంకులు పేరుస్తున్నప్పుడు మాత్రమే బంతి దళపతికి వచ్చేది, అతను వెతుక్కుని వెతుక్కుని గోడలను కొట్టేవాడు. అలా అరవై రెండు ఆటలు ఆడారు. అరవై రెండూ రాజుగారే గెలిచారు.

గెలిచిన ఆటకు చరిత్ర కూడా ఉండాలి కదా అని ఆస్థాన పండితుడు సోమయాజిగారికి కబురు వెళ్ళింది. ఆయన పది రోజుల్లో చరిత్ర పుట్టించారు. రాజుగారి ముత్తాత ప్రచండవర్మ ఒకే ఒక్క గుండుతో ఏడు శత్రుకోటలను కూల్చారట. ఆ విజయానికి గుర్తుగా ఏడు రాళ్ళు పేర్చి ఈ ఆటను కనిపెట్టారట. అది కుమ్మరివాడ బయల్లోనేనట. ప్రచండవర్మగారికి నీళ్ళంటే భయమనీ, ఊరి పక్క ఏరు దాటి ఎన్నడూ అవతలికి పోలేదనీ కోటలోని పాత లెక్కల కవిలెలు చదివిన తిప్పన్నకు తెలుసు. తెలిసినా, అడగనిదే చెప్పడం రాయసం పని కాదు.

సోమయాజిగారు మాటవరసకు ఒకసారి కుమ్మరివాడకు వెళ్ళి అప్పలనరసమ్మను అడిగారు కూడా. "ముసలమ్మా, ఈ ఆట ఎవరు కనిపెట్టారో నీకేమైనా తెలుసా?"

ముసలమ్మ కుండలు చేసే సారె తిప్పడం ఆపకుండానే అంది. "మా అవ్వ ఆడింది బాబూ. ఆళ్ళవ్వా ఆడిందట. కనిపెట్టడానికి అదేటి, తప్పిపోయిందేటి?"

సోమయాజిగారు ఆ మాట రాసుకోలేదు.

చరిత్రా, నియమమూ రెండూ కలిపి నిలువెత్తు రాతి మీద చెక్కించారు. శాసనానికి గాంభీర్యం రావాలని సోమయాజిగారు చివర ఒక పంక్తి చేర్చారు. "దీనిని మీరుటకు రాజునకైనను అధికారము లేదు." ఆ రాతిని తెచ్చి కుమ్మరివాడ బయల్లో పాతారు. వెనకాలే బండ్ల నిండా రాళ్ళు వచ్చాయి. ముత్తాతగారి బయలు కాబట్టి చుట్టూ ప్రహరీ కట్టి కోటలో కలిపేస్తారట. ఇకపై అక్కడ రాజుగారు తప్ప ఇంకెవరూ ఆడకూడదట.

ఆ బయలు పోతే కుమ్మరివాడ పిల్లలకు ఆడుకోవడానికి ఇంకో చోటు లేదు. ఒక పక్క ఆవాలు, ఇంకో పక్క మట్టిగుంతలు. పిల్లలు బండ్లకు అడ్డం కూర్చున్నారు. రాజుగారే స్వయంగా వచ్చారు.

"లేవండి. ఇది మా ముత్తాత గెలిచిన నేల" అన్నారు.

నూకాలు లేచి నిలబడింది. "ఆయన గెలిస్తే ఆయనది బాబూ. నీకు కావాలంటే నువ్వూ ఆడి గెలుచుకో."

తిప్పన్న ఆమెను కూర్చోమని సైగ చేశాడు. కానీ రాజుగారి మొహం విప్పారింది. అరవై రెండు గెలుపులున్న మనిషికి ఆ మాట చక్కెరలా తగిలింది.

"సరే! ఎల్లుండి మా పుట్టినరోజు. ఇక్కడే ఆడదాం. మేము గెలిస్తే గోడ లేస్తుంది. మీరు గెలిస్తే బయలు మీది. శాసనం ప్రకారమే ఆట. ఆటపెద్దగా రాయసం ఉంటాడు. శాసనంలో ఒక్క అక్షరం అటూ ఇటూ చేశాడో, ఎక్కడికి పోతాడో అతనికి తెలుసు."

రాజుగారు వెళ్ళాక పిల్లలంతా రాతి చుట్టూ మూగారు. తిప్పన్న వాళ్ళకు నియమం చదివి వినిపించాడు. నూకాలు మొహం వాడిపోయింది.

"కొట్టినా తగల్నట్టేనా? అలాగైతే ఎలా గెలుస్తాం అయ్యగారూ?"

తిప్పన్న ఆ పంక్తి మీద ఒకసారి వేలు పోనిచ్చాడు. ఇంట్లో ముసలి తల్లి ఉంది. గడ్డిమోపులు మోసే ఒళ్ళు కాదు అతనిది. అయినా పిల్ల కళ్ళలోకి చూసి మెల్లగా అన్నాడు. "రాజుగారిని కొట్టకండి. అసలు ఆయన వంకే చూడకండి. మీ పెంకులు మీరు పేర్చుకోండి, చాలు."

పుట్టినరోజు వచ్చింది. ఊరంతా బయలు చుట్టూ చేరింది. ఒక పక్క రాజుగారు, దళపతి, పంచె ఎగ్గట్టిన సోమయాజి, మరో నలుగురు. ఇంకో పక్క నూకాలు, ఆరుగురు పిల్లలు.

మొదటి విసురు రాజుగారిది. ఆయన బంతిని బలంగా విసిరారు. ఏడు పెంకులూ చిందరవందరగా ఎగిరిపడ్డాయి. భజంత్రీలు వాయించారు. సోమయాజిగారు పెంకులు ఏరడానికి పరుగెత్తారు.

"ఆగండి" అన్నాడు తిప్పన్న. "పెంకులు పడలేదు."

భజంత్రీలు ఆగిపోయారు. రాజుగారు కింద ఉన్న పెంకుల వంక, తిప్పన్న వంక మార్చి మార్చి చూశారు. "నీ కళ్ళకేమైంది?"

"కళ్ళు బాగానే ఉన్నాయి ప్రభూ. కానీ నేను చూడాల్సింది శాసనాన్ని. తమ చెయ్యి తమ ఒంటిలోనిదే కదా?"

"కాక?"

"రాజుగారి ఒంటిని తాకిన బంతి తాకనట్టే అని ఉంది. బంతి తమ చేతిని తాకింది. అంటే తాకనట్టే. చేతిని తాకని బంతిని విసరడం కుదరదు. విసరని బంతికి పెంకులు పడవు. గాలికి పడ్డాయేమో! తిరిగి పేరుస్తాను, తమరు నిదానంగా విసరండి."

జనంలో ఎక్కడో ఎవరికో నవ్వాగక దగ్గు వచ్చింది. రాజుగారు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ విసిరారు. పెంకులు పడ్డాయి. తిప్పన్న వినయంగా పేర్చాడు. మూడోసారి విసిరారు. బంతి తగిలి ఒక పెంకు రెండు ముక్కలైంది.

"మూడు విసుర్లలోనూ బంతి కదల్లేదు. ఇక పిల్లల వంతు" అన్నాడు తిప్పన్న, కొత్త పెంకు పెడుతూ.

నూకాలు రెండో విసురుకు పడగొట్టింది. పిల్లలు పెంకుల మీదికి ఉరికారు. రాజుగారు బంతి అందుకుని ఒక పిల్లవాడి భుజం మీద కొట్టారు.

"తగల్లేదు ప్రభూ."

ఇంకొకడి కాలికి కొట్టారు.

"తగల్లేదు ప్రభూ."

బంతి దొర్లుకుంటూ దళపతి కాళ్ళ దగ్గరికి వచ్చింది. అరవై రెండు ఆటల్లో రాజుగారు విసరాల్సిన బంతిని ఆయన ముట్టుకున్న పాపాన పోలేదు. ఇప్పుడూ ఒక అడుగు వెనక్కి వేసి, రాజుగారికి దారిచ్చాడు. ఆయన వచ్చి బంతి తీసుకునేలోగా నూకాలు ఏడో పెంకు పెట్టేసి చేతులు పైకెత్తింది.

"ఏడు పెంకులూ అయిపోయాయి!"

కుమ్మరివాడ హోరెత్తింది. అంతలోనే చప్పున అణిగిపోయింది. రాజుగారు తిప్పన్న మీదికి నడుస్తున్నారు. మొహం రాగిచెంబులా ఎర్రబడింది.

"తిప్పన్నా! నిండు సభలో మమ్మల్ని ఓడించావు!"

తిప్పన్న చేతులు కట్టుకున్నాడు.

"అపచారం ప్రభూ. తమరు ఓడలేదు. శాసనం ప్రకారం తమరు నేటి దాకా ఒక్క ఆటా ఆడనే లేదు. ఆడనివారు ఓడడం ఎలా? ఓడింది దళపతిగారూ, సోమయాజిగారూ."

రాజుగారు గొంతు తగ్గించి, "మరి... ఆ అరవై రెండు?" అన్నారు.

"అవి కూడా ఆడనట్టే ప్రభూ."

రాజుగారు కొలువువాళ్ళ వైపు తిరిగారు. ఒక్కరూ తలెత్తలేదు. ఇన్నాళ్ళూ దళపతి గోడలను ఎందుకు కొట్టేవాడో ఆయనకు ఆ తలలు చూశాక అర్థమైంది. గుడ్డబంతిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఆ రోజు ఈ పిల్ల వీపు మీద కొట్టింది చూడు. అది నిజంగా తగిలింది" అన్నారు.

"అవును ప్రభూ. గట్టిగానే తగిలింది."

"మళ్ళీ నిజంగా ఆడాలంటే ఏం చెయ్యాలి? మీరడానికి నాకే అధికారం లేదని ఈ పండితుడు చెక్కించాడే!"

"మీరకూడదన్నారు గానీ, మార్చకూడదనలేదు ప్రభూ."

రాజుగారి పొట్ట ముందు కదిలింది, తరవాత భుజాలు. ఆపైన బయలంతా దద్దరిల్లేలా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని శిల్పిని పిలిపించారు. తనను తాకిన బంతి తాకనట్టే అన్న పంక్తిని రాతి మీంచి చెక్కి తీసేసేదాకా అక్కడే నిలబడ్డారు. తరవాత ఉత్తరీయం నడుముకు బిగించి పెంకుల దగ్గరికి నడిచారు. ఆ ఆట ఎంతోసేపు సాగలేదు. రాజుగారు నాలుగో పెంకు పెడుతుండగా నూకాలు విసిరిన బంతి సరిగ్గా పొట్ట మీద తగిలింది.

"పోయాను!" అని రాజుగారే అరిచారు. గీత బయటికి వెళ్ళి మట్టిలో కూలబడి, రొప్పుతూ, మళ్ళీ నవ్వారు.

అక్కడే బయలు పిల్లలదని నోటితో చెప్పారు, తిప్పన్న రాశాడు. ప్రహరీకి తెచ్చిన రాళ్ళతో కుమ్మరివాడకు ఒక బావి కట్టించమన్నారు. అదీ రాశాడు. తన ముంజేతి బంగారు కంకణం తీసి తిప్పన్న చేతికి తొడిగి, "నీకు ముందున్న రాయసాన్ని కూడా ఏనుగుల శాల నుంచి పిలిపించు. ఒక్క దీర్ఘానికి అంత శిక్షేమిటి?" అన్నారు. ఆ మాట రాస్తున్నప్పుడు మాత్రం తిప్పన్న కళ్ళు చెమర్చి అక్షరాలు కాస్త వంకరపోయాయి. రాజుగారు చూసి కూడా చూడనట్టే ఊరుకున్నారు.

మర్నాడు సాయంత్రం కుమ్మరివాడ పిల్లలు జట్లు పంచుకుంటున్నారు. నూకాలు ఒకరిని పిలిస్తే అవతలి జట్టు పెద్ద ఇంకొకరిని పిలుస్తున్నాడు. పిలవాల్సినవాళ్ళ వరసలో, తలపాగా లేకుండా, పాలవెల్లి మహారాజు నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి ఆయనొక్కడే మిగిలాడు. నూకాలు ఆయన పొట్ట వంక చూసి నిట్టూర్చింది.

"సరే, నువ్వు మా జట్టులోకి రా బాబూ."

ఉద్దండవర్మ పరుగెత్తుకుంటూ వెళ్ళాడు.